కొఫోరిదువాలో చూచిన ఫిల్ము

ఆఫ్రికా వెళ్ళి వచ్చానని తెలిసినది మొదలు మన సంఘంలో కనబడినవారంతా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: సింహాన్ని చూశావా అని. వచ్చి కొన్నేళ్ళయినా ఇంకా అడుగుతూనే ఉన్నారు. చూడలేదు. నేను వెళ్ళినది ఘనా దేశానికి. అందులోనూ తేమా రేవులో ఒక గోదాముకు. మా కోయంబత్తూరు కంపెనీ పంపిన నీటి పంపులకూ అక్కడి డీలరు చూపిన లెక్కకూ పొత్తు కుదరక, ఎగుమతి విభాగంలో గుమాస్తానైన నన్ను 2018లో ఆరు వారాలపాటు పంపించారు. నాకు కనబడిన జంతువులు మేకలు, తొండలు. మేకలు మన మేకలే. మగ తొండకు మాత్రం నారింజపండు రంగు తల; గోడమీద నిలబడి వస్తాదులాగ దండీలు తీస్తూ ఉంటుంది.

ప్రయాణ విశేషాలు వ్రాయమని సంపాదకులు చాలకాలంగా అడుగుతున్నారు. ఎంత ఆలోచించినా ఆ ఆరు వారాలలో నాకు గట్టిగా మిగిలినది ఒక రాత్రి చూచిన ఫిల్ము, దానిని చూడబోయిన దారి. కనుక అవే వ్రాస్తున్నాను.

ఘనా 1957 మార్చి 6న స్వతంత్రమైన దేశం. తేమా రేవును ఎన్‌క్రూమా ప్రభుత్వం కట్టించి 1962లో తెరిచింది. బడిలో భూగోళం పుస్తకంలో గీసి చూపిన గ్రీనిచ్ రేఖ ఆ ఊరి మీదుగానే పోతుంది. రేఖ నాకు కనబడలేదు గాని వేపచెట్లు కనబడ్డాయి. వేప మన దేశంనుంచి అక్కడికి పోయినదే. దాన్ని వాళ్ళు 'నీమ్' అనే పిలుస్తారు. జ్వరం వస్తే ఆకు కాచి త్రాగుతారు. పరాయి దేశంలో దిగిన రెండవ రోజున వేపగాలి తగిలితే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో అనుభవించినవారికే తెలుసు.

గోదాము స్టోరుకీపరు దాదాపు నా యీడువాడు. ఆ ప్రాంతంలో మనిషికి పుట్టిన వారాన్నిబట్టి ఒక పేరు ఉంటుంది. శుక్రవారం పుట్టిన మగబిడ్డ కొఫీ, సోమవారం పుడితే కోజో. నేను బుధవారం పుట్టానని చెప్పాను. మరునాటినుంచి గోదాములో అందరికీ నేను క్వాకునే. మా ఆఫీసులో ఇరవై యేళ్ళుగా నా పేరును సరిగా పలికినవాడు లేడు. ఇక్కడ పలకడానికి వీలైన పేరు ఒకటి దొరికింది.

ఒక బుధవారం సాయంత్రం ఆయన నాతో అన్నాడు: "క్వాకూ, రేపు కొఫోరిదువా కొట్లో సరుకు సరిచూడాలి గదా. రాత్రికి అక్కడే ఉండిపోదాం. నా తమ్ముడికి చెవులు వినబడవు. వాళ్ళ వికలాంగుల సంఘంవారు చర్చిహాలులో ఒక ఫిల్ము వేస్తున్నారు. నువ్వూ రా." అలాగేనన్నాను. లాడ్జీలో ఒంటరిగా కూర్చుని రొట్టె నమలడంకంటె ఏ ఫిల్మయినా మేలే.

కొఫోరిదువా ఆ దేశపు తూర్పు రీజియనుకు ముఖ్యపట్టణం. అక్రానుంచి ఉత్తరంగా, కొండలమీదుగా పోవాలి. బండిని ట్రోట్రో అంటారు. పూర్వం మూడు పెన్నీలు ఛార్జి ఉండేదట. అక్రాలోని గా భాషలో మూడుకు ట్రో. మన వ్యానువంటిదే, ఇంకా నాలుగు వంకర సీట్లు ఎక్కువ. నిండితేగాని కదలదు. కండక్టరును మేట్ అంటారు. ప్రతి బండి వెనకాల ఒక దేవుడి మాటో, లోకంమీద విసుర్లో పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంటుంది. మన లారీల వెనుక చదువుకొంటూ పెరిగిన నాకు కాలక్షేపం బాగా జరిగింది.

మైదానం దాటాక దారి అక్వాపిమ్ కొండలమీదికి ఎక్కుతుంది. గాలి చల్లబడుతుంది. మొదట వచ్చేది అబూరి. 1890లో తెల్లవారు పెట్టిన వృక్షవనం ఉంది. తరువాత మాంపాంగ్. టెట్టే క్వార్షీ అనే కమ్మరి 1879లో ఫెర్నాండోపో దీవినుంచి కోకో గింజలు తెచ్చి నాటిన ఊరు ఇది. ఆ గింజలే తరువాత దేశానికి అన్నం పెట్టాయి. స్టోరుకీపరు ఈ సంగతి గర్వంగా చెప్పి, వెంటనే చేయి చాచి, "తమ్ముడు చదివిన బడి కూడా ఈ ఊళ్ళోనే" అన్నాడు. అది చెవిటి పిల్లల పాఠశాల.

ఆ బడి కథ చెప్పుకోదగినది. ఆండ్రూ ఫాస్టర్ అనే నల్లజాతి అమెరికను, పదకొండవ యేట జబ్బుచేసి రెండు చెవులూ పోగొట్టుకొన్నవాడు, 1957లో అక్రా వచ్చి చెవిటివారికి ఆ దేశంలో మొదటి పాఠశాల పెట్టాడు. అదే పిమ్మట మాంపాంగ్ చేరింది. ఆయన 1987లో విమాన ప్రమాదంలో పోయేనాటికి ఆఫ్రికాలో అటువంటి బడులు ముప్పైకి పైగా పెట్టాడట. ఘనాలో చెవిటివారు నేడు మాట్లాడుకొనే చేతిభాషకు మూలం ఆయన నేర్పినదే.

అయితే ఆయన రాకముందే చేతిభాష ఉన్న ఊరు ఒకటి ఆ కొండ క్రిందనే ఉంది. పేరు అడమరోబే. అక్కడ తరతరాలుగా చెవుడు వంశంలో వస్తున్నది. అందుచేత ఊరికి తనదైన చేతిభాష పుట్టింది. చెవులున్నవాళ్ళకు కూడా అది వచ్చును. కొట్లోనూ పొలంలోనూ ఆ భాషలోనే బేరాలాడుకొంటారు. ఇంత చక్కగా కలిసిమెలిసి ఉన్న ఊళ్ళోనే 1975లో ఊరిపెద్ద, చెవిటివారు ఒకరినొకరు పెళ్ళాడరాదని కట్టుబాటు పెట్టాడు. భాష ఇచ్చిన ఊరే పెళ్ళి వద్దంది! దీనిని ఎలా అర్థంచేసుకోవాలో నాకు తెలియలేదు. స్టోరుకీపరు కూడా భుజాలు ఎగురవేశాడు.

మాంఫే దగ్గర దారి చీలుతుంది. ఒకటి అక్రోపాంగ్ పోతుంది. గ్రుడ్డివారి పాఠశాల అక్కడ. రెండవది కొఫోరిదువాకు దిగుతుంది. చిన్న బడిపిల్లవాడు తెల్లకర్రతో రోడ్డు అంచు తడుముకొంటూ, మా మేట్ కేకనుబట్టి బండి ఎటు పోయేదీ తెలిసికొని, ఇది కాదులే అన్నట్టు చేయి ఊపాడు. బండి నిండా ఉన్నవాళ్ళు ఎవరూ వాడిని చూచి అయ్యో అనలేదు. నేనే అనబోయి మానుకొన్నాను.

ఆ రోజు గురువారం. కొఫోరిదువాలో గురువారం పూసల సంత. పాత గాజుసీసాలను నలగగొట్టి పొడిచేసి, మట్టి అచ్చుల్లో పోసి, బెజ్జం నిమిత్తం కర్రపెండలం కాడ గ్రుచ్చి కొలిమిలో పెడతారు. కాడ కాలిపోయి బెజ్జం మిగులుతుంది. క్రోబో జాతివారి విద్య ఇది. అక్కకు ఒక దండ కొన్నాను. కొట్లో పంపులు పదకొండు ఉండవలసినవి పదే ఉన్నాయి. ఆ గొడవ ఇక్కడ అనవసరం.

చీకటి పడ్డాక చర్చిహాలుకు వెళ్ళాం. వాకిట్లో మూడు మెట్లు. చక్రాల కుర్చీలలో వచ్చినవారు అయిదారుగురు. ఒక్కొక్క కుర్చీని నలుగురు చొప్పున పట్టి, పెళ్ళికూతురి బుట్టను ఎత్తినట్లు ఎత్తి లోపల పెట్టారు. నేనూ ఒక చేయి వేశాను. ఎత్తేటప్పుడు కుర్చీలో మనిషి ముఖం చూడకూడదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

గోడకు దుప్పటి కట్టారు. ఫిల్ము పేరు 'ఇమాన్యుయేల్స్ గిఫ్ట్'. లీసా లాక్స్, నాన్సీ స్టెర్న్ అనే అమెరికను కవలలు తీసి 2005లో విడుదల చేసిన డాక్యుమెంటరీ. గంటా ఇరవై నిమిషాలు. వ్యాఖ్యానం ఓప్రా విన్‌ఫ్రీది. దీపాలు ఆర్పాక ఒక చిక్కు వచ్చింది. చెవిటివారికోసం చేతిభాషలో చెప్పే మనిషి చీకట్లో కనబడడు గదా! స్టోరుకీపరు తమ్ముడు లేచి జేబులోనుంచి టార్చి తీసి ఆ మనిషి చేతులమీద వేశాడు. ఫిల్ము అయ్యేదాకా, చేయి మార్చుకొంటూ, వేస్తూనే ఉన్నాడు. తాను ఫిల్ము ఎంతవరకు చూశాడో తెలియదు.

కథ ఆ ఊరివాడిదే. ఇమాన్యుయేల్ ఒఫోసు యెబోవా 1977లో కొఫోరిదువా వాడుగా పుట్టాడు. కుడికాలు పుట్టుకతోనే వికలం. తండ్రి ఇల్లు విడిచి పోయాడు. ఇటువంటి బిడ్డ ఎందుకన్నవాళ్ళు ఉన్నారు. తల్లి పేరు కంఫర్ట్, ఆవిడ వినలేదు. బడికి పంపింది. కొడుకు ఒంటికాలిమీద గెంతుతూ పోయి చదివాడు. ఆ దేశపు వీధుల్లో వికలాంగుడికి అందరూ చూపే ఉద్యోగం బిచ్చం. ఇతడు పదమూడేళ్ళకు అక్రా చేరి జోళ్ళకు పాలిష్ వేశాడు. 1997లో తల్లి పోయింది. తరువాత కాలిఫోర్నియాలో వికలాంగ క్రీడాకారులకు తోడ్పడే ఒక సంస్థకు ఉత్తరం వ్రాశాడు. డబ్బు అడగలేదు, సైకిలు అడిగాడు. వాళ్ళు పంపారు. 2001లో ఆ సైకిలుమీద, ఒక్క కాలితో తొక్కుతూ, దేశానికి అడ్డంగా దాదాపు 610 కిలోమీటర్లు పోయాడు.

ఉత్తరాలు చదవడమే నా వృత్తి కనుక ఒక మాట. "మా కష్టాలు గుర్తించి తమకు తోచిన సహాయం చేయగలరు" అని వచ్చే ఉత్తరం ఏ బల్లమీద పెట్టాలో ఎవరికీ తెలియక తిరుగుతూనే ఉంటుంది. "ఒక సైకిలు కావాలి" అన్నదానికి జవాబు వ్రాయక తప్పదు.

ప్రయాణానికి ముందు ఇతడు ఆ ప్రాంతపు రాజుగారి దర్శనం కోరాడు. అకాన్ ఆచారంలో అంగవైకల్యం ఉన్నవాడు రాజపీఠం ఎక్కరాదు. అటువంటి కొలువుకు ఒంటికాలివాడు పోయి ఆశీస్సు అడిగి పుచ్చుకొని వచ్చాడు. సైకిలు తొక్కుతున్నప్పుడు వేసికొన్న చొక్కామీద 'పోజో' అని వ్రాయించుకొన్నాడు. వికలాంగుణ్ణి వీధిలో వెటకారంగా పిలిచే మాట అది. చొక్కా కనబడగానే హాలంతా పకాలుమంది. కుర్చీల్లోవాళ్ళు అందరికన్న ఎక్కువ నవ్వారు. మన ఊళ్ళలో కుంటి, గుడ్డి అని పేరుకు ముందు తగిలించి పిలవడం నేను వింటూ పెరిగాను, నేనూ పిలిచాను. ఆ పేర్లను ఎవరైనా చొక్కామీద వేయించుకొంటే మనకు నవ్వు వచ్చునా అని ఆలోచిస్తూ రెండు నిమిషాల ఫిల్ము తప్పిపోయాను.

ఆ తరువాత అమెరికా సంగతులు. 2003లో వికలమైన కాలికి శస్త్రచికిత్స చేసి కృత్రిమపాదం అమర్చారు. మళ్ళీ పందెంలో అంతకుముందుకన్న చాల త్వరగా తొక్కాడు. జిమ్ మక్లారెన్ అనే అమెరికను క్రీడాకారుడి కథ కూడా ఇందులో కలిపారు: 1985లో బస్సు తగిలి ఒక కాలు, 1993లో వ్యాను తగిలి శరీరమంతా పోగొట్టుకొన్నవాడు. ఇద్దరికీ కలిపి 2005లో ఆర్థర్ ఆష్ పేరిట ధైర్య పురస్కారం ఇచ్చారు. మక్లారెన్ 2010లో పోయాడు. మంచి మనిషే గాని ఆ భాగం వచ్చినప్పుడు హాలులో దగ్గులు, గుసగుసలు ఎక్కువయ్యాయి. తమ రోడ్లు కనబడినప్పుడు మాత్రం ఊళ్ళపేర్లు పెట్టి అరిచారు. ఫిల్ము ఎవరికోసం తీశారన్నది అక్కడే తెలిసిపోయింది. అది అమెరికాలో కూర్చున్నవారి మనసు కరిగించి తోడ్పాటు తేవడానికి తీసినది. కరిగించింది, తెచ్చింది కూడా. పాపం, అందులో తప్పేమీ లేదు. సినిమా బండ్లు ఆ దేశానికి క్రొత్తవి కావు. తెల్లవారి కాలంలో వ్యానులో తెర తెచ్చి పల్లెపల్లెకూ ఆరోగ్యం గురించీ కోకో గురించీ ఫిల్ములు వేసేవారు, మన సినిమా హాళ్ళలో అసలు ఆటకు ముందు ప్రభుత్వంవారి న్యూస్‌రీలు వేసినట్లు. వాటిలో పల్లెటూరివాడు పాఠం చెప్పించుకొనేవాడే. ఇందులో పాలిష్ పెట్టె పట్టినవాడు కథానాయకుడు. అంతవరకు తేడా వచ్చింది.

దీపాలు వేశారు. నేను చప్పట్లు కొట్టి, కళ్ళు తుడుచుకొని, పర్సు తీశాను. చందా డబ్బా వస్తుందని నా ఊహ. డబ్బా రాలేదు. చక్రాల కుర్చీలో యాభై యేళ్ళావిడ, బట్టలు కుట్టుకొని బ్రతికే మనిషి, మాట్లాడడం మొదలుపెట్టింది. స్టోరుకీపరు నా చెవిలో ఇంగ్లీషు చేసి చెప్పాడు.

ఆ అబ్బాయి 610 కిలోమీటర్లు తొక్కాడు, సంతోషం, అన్నదావిడ. నాకు అంత దూరం పని లేదు. బ్యాంకు గేటునుంచి కౌంటరుదాకా పోతే చాలు. మధ్యన ఉన్న మెట్లు ఎక్కడానికి నేను ఏ సైకిలు తొక్కాలి? 2006లో మనకు చట్టం వచ్చింది, దాని నెంబరు 715. ఫిల్ము వచ్చిన మరుసటి యేడు వచ్చినదని దానివల్లనే వచ్చిందనుకోకండి. మన సమాఖ్య 1987లో పుట్టింది, అప్పటినుంచీ కాళ్ళరిగేలా, కాళ్ళు లేనివాళ్ళం చక్రాలరిగేలా తిరిగాం. (ఇక్కడ మళ్ళీ నవ్వులు.) జనం వచ్చిపోయే ప్రతి కట్టడానికీ వికలాంగులు పోవడానికి వీలు కల్పించాలని చట్టం పదేళ్ళ గడువిచ్చింది. గడువు 2016లో తీరిపోయింది. ఈ రాత్రి నన్ను నలుగురు మోసుకొని లోపలికి తెచ్చారు. ఏ ఫిల్ముకు? ఈ ఫిల్ముకు.

ఎవరూ మాట్లాడలేదు. టార్చి పట్టుకొన్న తమ్ముడు రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించాడు. చెవిటివారి చప్పట్లు అవి.

అప్పుడు కాగితం ఒకటి తిప్పారు. హాలు పెద్దలకు అర్జీ: మూడు మెట్ల ప్రక్కన ఏటవాలు బాట కట్టాలని. మునిసిపల్ అసెంబ్లీకి ఇంకొకటి: అసెంబ్లీలకు వచ్చే నిధిలో వికలాంగుల వాటాగా మొదట నూటికి రెండు, తరువాత మూడు అని నిర్ణయించినది ఈ యేడు ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చారు, లెక్క చూపాలని. కాగితం నా దగ్గరికి వచ్చింది. నేను పరదేశిని, నా సంతకం చెల్లుతుందా అని అడిగాను. కాగితంమీద చోటుంది గదా అన్నది ఆవిడ. తెలుగులో చేశాను, బ్యాంకులోనైనా నేను తెలుగులోనే చేస్తాను. ఇదేమి బొమ్మ అని ప్రక్కనున్న కుర్రవాడు వేలితో తడిమి చూశాడు.

మరునాడు తెల్లవారి బండికి పోతూ ఆ మెట్లదగ్గర ఆగాను. ఒక్కొక్కటి ఆరంగుళాలు, మూడూ కలిసి పద్దెనిమిది. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున పద్దెనిమిది అడుగుల వాలు. ప్రక్కన ఖాళీ జాగా ఉంది. మేస్త్రీకి రెండు రోజుల పని.

ఊరు వచ్చాక ఆఫ్రికానుంచి వచ్చిన ఈ తరహా ఫిల్ములు మరి రెండు కంప్యూటరులో చూశాను. ఒకటి 'బెండా బిలిలి', 2010లో కాన్ ఉత్సవంలో చూపినది: కాంగోలోని కిన్షాసా వీధుల్లో, పోలియో వచ్చి మూడు చక్రాల బండ్లపై తిరిగే సంగీతగాళ్ళ కథ. రెండవది 'మ్యూజిక్ బై ప్రూడెన్స్'. జింబాబ్వేలో బులవాయో పట్టణపు వికలాంగ పాఠశాలలో పాడే అమ్మాయిని గురించినది. 2010లో ఆస్కారు వచ్చింది. పాట బాగుంటే మనిషి కుర్చీ సంగతి మరచిపోతాం, అది వాటి బలం. కాని మూడింటిలోనూ అసాధ్యులే ఉన్నారు. బట్టలు కుట్టే ఆవిడ మీద ఎవరైనా ఫిల్ము తీస్తే ఎవరు చూస్తారు? నేను చూస్తాను. పనిలో పనిగా బ్యాంకు మెట్లు కూడా చూపించాలి.

అక్కకు ఇమాన్యుయేల్ ఫిల్ము చూపించాను. అక్కకు మూడవయేట పోలియో వచ్చింది. పూసల దండ మెడలో వేసికొని చూచింది. హాలు సంగతి, కుర్చీ ఎత్తిన సంగతి కూడా చెప్పాను. అంతా విని, "మూడే మెట్లట్రా? మనకు పంతొమ్మిది గదా" అన్నది.

మన సంఘం హాలు పై అంతస్తుకు మారి పద్నాలుగేళ్ళయింది. పంతొమ్మిది మెట్లు; నేనూ లెక్కపెట్టాను. ఆ పద్నాలుగేళ్ళూ ఉగాదినాడు పచ్చడి గ్లాసులో పోయించి, మూత పెట్టి, అక్కకు తెచ్చి ఇస్తున్నాను. పంచాంగశ్రవణం ఎలా జరిగిందో, ఎవరెవరు వచ్చారో చెబుతాను. చక్కగా చూచుకొంటున్నాననే నా నమ్మకం. ఎత్తుకొని తీసుకుపోతానని ఒకసారి అన్నాను. వద్దన్నది. ఎందుకన్నదో కొఫోరిదువాలో కుర్చీమీద చేయి వేసినదాకా నాకు తెలియలేదు.

ఈ మధ్య ఉగాది కార్యక్రమంలో ఆ ఫిల్ము వేద్దామని కార్యదర్శిగారు దయతో అన్నారు. నేను ఒక ఉత్తరం వ్రాసి ఇచ్చాను. ఫిల్ము వేసినా, వేయకపోయినా, పండుగ మటుకు క్రింది గదిలో జరపాలని. క్రింది గదిలో ఇప్పుడు పందిరి గుంజలు, గంగాళాలు, మడత కుర్చీలు ఉన్నాయి. వాటిని పైకి చేర్చడానికి నలుగురు మనుషులు, ఒక ఆదివారం చాలు. నలుగురిలో నేనొకణ్ణి. ఇంకా ముగ్గురు కావాలి.